పీడన విద్యుత్తు – దాని ప్రవాహమును హెచ్చించు మార్గములు

వంటయింట గ్యాసు పొయ్యి వెలిగించు లైటరును మన సభ్యులలో ఎఱుగనివా రుండరు. దానిలో బ్యాటరీ లేదు, వత్తి లేదు, నూనె లేదు. మీట నొక్కగానే లోపలి చిన్న సుత్తి స్ప్రింగు బలముచే విడివడి పింగాణి వంటి యొక ముక్కపై పడును. వెంటనే మొనయందు నిప్పురవ్వ తోచును. ఆ రవ్వ విద్యుచ్ఛక్తి వలన కలిగినదే. కొన్ని వేల వోల్టులు లేనిదే గాలిలో అట్టి రవ్వ దుమకదు. మన యిండ్ల దీపములకు వచ్చునది 230 వోల్టులు మాత్రమే. బొటనవ్రేలి యొత్తుడుచేతనే వేల వోల్టులు పుట్టుచుండగా, బండిచక్రముల క్రిందను, మార్కెట్టు యార్డులో లారీల క్రిందను, సంఘపు గోదాము వాకిట మనుష్యుల యడుగుల క్రిందను ఇట్టి ముక్కలను పరచి నీటి మోటారును నడుపుకొనరాదా యని సభ్యులు కొందఱు అడుగుచున్నారు. నడచిన చాలును, కరెంటు వచ్చునని చెప్పి పలకల నమ్మజూచువారును లేకపోలేదు. సంఘపు ధనమును దానిపై వెచ్చింపదలచువారు ముందుగా విషయమును చక్కగా తెలిసికొనుట మేలని తలచి యీ సంగతులను వ్రాయుచున్నాము.

ఒత్తుడుచే విద్యుత్తు పుట్టునను సంగతిని 1880వ సంవత్సరమున పారిసు నగరమున జాక్ క్యూరీ, పియెర్ క్యూరీ యను అన్నదమ్ములు కనుగొనిరి. వారిలో పియెర్ తరువాత రేడియము కనుగొనిన మేరీ క్యూరీకి భర్త యయ్యెను. వారు పరీక్షించిన పదార్థములలో పలుగురాయి స్ఫటికము, పుష్యరాగము, టూర్మలిను, రొషెల్ ఉప్పు మాత్రమే గాక మన చెఱకు పంచదార స్ఫటికము కూడ కలదు. మఱుసటి యేడు, విద్యుత్తు నిచ్చినచో అదే స్ఫటికము సాగుట, కుదియుట సంభవింపవలయునని లిప్మన్ అను పండితుడు లెక్కగట్టి చెప్పగా, అదియు నిజమేయని యా సోదరులే ఋజువు చేసిరి. నేటి చేతి గడియారములలో సెకనుకు 32,768 మారులు కంపించుచు కాలమును కొలుచునది యిట్టి పలుగురాతి తునుకయే.

మన చేలలో దున్నునపుడు నాగటి కఱ్ఱుకు తగులు తెల్లని పలుగురాళ్లు అనేకములు గలవే, వానిని కొట్టినచో విద్యుత్తు రాదేమి యని యడుగవచ్చును. ఆ రాతిలో లెక్కలేనన్ని చిన్న స్ఫటికములు తలకొక దిక్కుగా ఇమిడియుండును. ఒకటి యిచ్చిన విద్యుత్తును వేఱొకటి హరించును. ఒకే స్ఫటికముగా పెరిగిన ముక్కను సరియైన దిక్కున కోసి యొత్తినచో మాత్రమే ఫలము కనబడును. స్ఫటికములోని అణువులు కొన్ని ధనవిద్యుత్తును, కొన్ని ఋణవిద్యుత్తును వహించియుండును. ఒత్తుడు లేనపుడు అవి యొకదాని నొకటి సరితూగుచుండును; ఒత్తినపుడు ఒకవైపునకు ధనము, వేఱొకవైపునకు ఋణము కొంచెము తొలగును. స్ఫటికపు అమరికలో ఎదురెదురు దిక్కులు అచ్చముగా ఒకే రీతిని ఉన్నచో ఈ తొలగుట జరుగదు. స్ఫటికములను శాస్త్రజ్ఞులు 32 తరగతులుగా విభజించిరి. వానిలో 20 తరగతులకు మాత్రమే యీ గుణము కలదు. ఏ తరగతి స్ఫటికమునకు ఇట్టి గుణాంకములెన్ని యుండునో గణితముచే నిర్ణయించుటలో మన తెలుగువారైన సూరి భగవంతము గారి కృషి ప్రసిద్ధము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులుగా పనిచేసిన వారు ఈ విషయమున వ్రాసిన ఇంగ్లీషు గ్రంథము 1966లో ప్రకటింపబడినది.

లైటరులోని ముక్క పలుగురాయి కాదు. సీసము, జిర్కోనియము, టైటానియము, ప్రాణవాయువు కలిపి కాల్చి చేసిన పింగాణి యది. 1950 తరువాత వాడుకలోనికి వచ్చినది. కాల్చిన వెంటనే దానియందు ఏ గుణమును ఉండదు. దానిని వేడిచేసి, బలమైన విద్యుత్తు ఎదుట ఉంచినచో లోపలి భాగములన్నియు చాలవఱకు ఒకే దిక్కునకు తిరిగి, చల్లారిన పిదప అట్లే నిలుచును. ఇట్లు చేసిన పింగాణి, ఒకే యొత్తుడునకు పలుగురాతి కంటె సుమారు నూటయేబది రెట్లు హెచ్చు విద్యుత్తు నిచ్చును.

ఇక అసలు ప్రశ్న. వోల్టులు వేలకొలది యున్నను మోటారేల తిరుగదు? కాలువ క్రింద వ్యవసాయము చేయువారికి దీనిని చెప్పుట కష్టము కాదు. వోల్టు అనునది నీరు పడు ఎత్తు వంటిది. ఆంపియరు అనునది పాఱు నీటి పరిమాణము వంటిది. తాటిచెట్టు పైనుండి చుక్క చుక్కగా కారు నీరు ఎంత ఎత్తునుండి పడినను మడి తడియదు. మడి తడుపవలెనన్న ఎత్తు కొంచెమైనను పరవాలేదు గాని ప్రవాహము కావలయును. పీడన విద్యుత్తు తాటిచెట్టు చుక్క వంటిది.

లెక్కచేసి చూతము. అరువది కిలోల మనిషి బరువు 600 న్యూటనుల బలము. ఈ పింగాణి ఒక్కొక్క న్యూటను బలమునకు, కూలూము అను విద్యుత్ పరిమాణములో లక్ష కోట్లవ వంతులు సుమారు 400 ఇచ్చును. అనగా ఆ మనిషి నిలిచినపుడు వచ్చునది కూలూములో పదిలక్షలవ వంతున కాలుభాగమునకు కొంచెము తక్కువ. పలక వెడల్పు హెచ్చించినను, మందము హెచ్చించినను ఈ పరిమాణము మాఱదు. సెకనున కొకసారి ఎక్కి దిగినచో, ఎక్కునపుడొకసారి, దిగునపుడొకసారి వచ్చునది కలిపి, సగటున ఆంపియరులో పదిలక్షలవ వంతున సగము. దీనినే అర మైక్రో ఆంపియరు అందురు. సెల్‌ఫోను చార్జరు ఇచ్చు ఒక ఆంపియరు ప్రవాహము కావలెనన్నచో ఇట్టి ముక్కలపై ఇరువది లక్షలమంది ఏకకాలమున త్రొక్కవలయును.

ప్రవాహమును హెచ్చించు మొదటి ఉపాయము ఇక్కడనే తోచుచున్నది. సెంటీమీటరు చదరము, సెంటీమీటరు మందము గల ముక్కపై ఆ మనిషి నిలిచినచో సుమారు 1,500 వోల్టులు పుట్టును. అదే ముక్కను నూఱు పలుచని బిళ్లలుగా చేసి, నడుమ లోహపు పూత వేసి, ఒకదానిపై నొకటి పేర్చి, తీగలను మాత్రము అన్నిటికిని సమాంతరముగా కలిపినచో ఏమగును? బరువు అన్ని బిళ్లలపైనను సమముగా పడును. ప్రతి బిళ్లయు తన పాలు విద్యుత్తును పూర్తిగా నిచ్చును. కావున ప్రవాహము నూఱు రెట్లగును. వోల్టులు 1,500 నుండి 15కు దిగును. పనిముట్లకు ఒప్పునది ఈ రెండవ రీతియే. బజారున దొరకు బహుపొరల పింగాణి దిమ్మెలు ఇట్లు చేయబడినవే. అయితే ఒక్క సంగతి మఱవరాదు. ప్రవాహము హెచ్చినది గాని శక్తి హెచ్చలేదు. రెండు రీతులందును ఒక త్రొక్కుడునకు జౌలులో అయిదువేలవ వంతు మాత్రమే లభించుచున్నది.

అంత తక్కువయేల? పని యనునది బలమును, కదలిన దూరమును హెచ్చవేయగా వచ్చును. ఈ పింగాణి మిక్కిలి కఠినము. మనిషి బరువంతయు మోపినను ఆ సెంటీమీటరు ముక్క కుదియునది వెంట్రుక మందములో ఏబదవ వంతైనను కాదు. బలమున్నది, దూరము లేదు. బండరాతిని భుజముతో నెట్టినవాడు ఎంత చెమటోడ్చినను రాయి కదలనిచో పని యేమి జరిగినట్లు? అందుచే ఒత్తుటకంటె వంచుట మేలు. పలుచని పింగాణిని ఇత్తడి రేకుపై అతికించి ఒక కొనను బిగించి, రెండవ కొనను ఊగనిచ్చినచో స్వల్ప బలమునకే చాల దూరము వంగును. బజరులలో వాడు ఇత్తడి బిళ్లలు ఈ జాతివే. ఇవి చవుకగా దొరకును. ఉన్నత పాఠశాల బాలురకు ప్రయోగములు చేయుటకు వీనికంటె అనుకూలమైనవి లేవు.

అట్టి బిళ్లలను పెక్కింటిని కలుపునపుడు తఱుచుగా ఒక పొరపాటు జరుగుచున్నది. నాలుగు బిళ్లలను సమాంతరముగా కలిపినచో నాలుగు రెట్లు ప్రవాహము వచ్చుననుట నిజమే గాని, అవి నాలుగును ఒకే క్షణమున ఒకే వైపునకు వంగినపుడే యది నిజము. ఒకటి పైకిని, వేఱొకటి క్రిందికిని వంగుచున్నచో ఒకదాని ప్రవాహము రెండవదానిలోనికే పాఱి వ్యర్థమగును. అడుగులు పడు పలక క్రింద ఇట్లే జరుగును. కావున ప్రతి బిళ్లకును వేఱువేఱుగా నాలుగు డయోడుల వంతెన నమర్చి, ఏకముఖముగా మార్చిన తరువాతనే కలుపవలయును. పిల్ల కాలువలు పెద్ద కాలువలో కలియుచోట నీరు వెనుకకు మరలకుండ తలుపులుంచుట వంటిది. ఇచ్చట డయోడుల ఎంపికలో కొందఱు పుస్తకము చూచి, వోల్టు నష్టము తక్కువయని షాట్కీ జాతి డయోడులను కొందురు. వానిలో వెనుకకు కారు ప్రవాహము హెచ్చు. బిళ్ల యిచ్చునదే కొలది మైక్రో ఆంపియరులైనపుడు కారుడు లేని సాధారణ సిలికాను డయోడులే మేలని మా అభిప్రాయము. ఇరువది వోల్టులలో ఒకటి పోయిన ఫరవాలేదు. ప్రవాహములో సగము పోయిన నిలువదు.

పిమ్మట విద్యుత్తును ఏ వోల్టు వద్ద తీసికొనవలెనను ప్రశ్న. దీనిపై కొంచెము నిలిచి చూడవలయును, ఏలయన లాభమంతయు ఇచ్చటనే యున్నది. ఒక బిళ్ల, తీగలు విడిగా నున్నపుడు ఇరుదిక్కుల ఇరువది వోల్టుల చొప్పున ఇచ్చుచు సెకనుకు పదిమారులు ఊగుచున్న దనుకొందము. దాని కెపాసిటీ 20 నానోఫారడులు. ఆ బిళ్ల తనంతట తానే యొక చిన్న గుంట వంటిది. ప్రతి ఊపునకును ముందుగా ఆ గుంట నిండిన తరువాతనే మిగిలిన విద్యుత్తు వెలుపలికి పొర్లును. వెలుపలి తొట్టి, అనగా నిలువ కెపాసిటరు, ఎంత ఎత్తున నున్న అంత తక్కువ పొర్లును. తొట్టిని 3 వోల్టుల వద్ద నుంచినచో సగటున 13.6 మైక్రో ఆంపియరులు పాఱును. శక్తి 41 మైక్రోవాటులు. 10 వోల్టుల వద్ద నుంచినచో ప్రవాహము 8కి తగ్గును గాని శక్తి 80 మైక్రోవాటులగును. 20 వోల్టుల వద్ద ఏమియు పాఱదు. కావున విడి తీగల వోల్టులో సరిగా సగము వద్ద శక్తి యెక్కుడు.

పనిముట్టునకు కావలసినది 3 వోల్టులే కదా, నేరుగా కలిపిన నేమి యందురేమో. నేరుగా కలిపిన 13.6 మైక్రో ఆంపియరులే వచ్చును. తొట్టిని 10 వోల్టుల వద్ద నుంచి, అచ్చటినుండి వోల్టు దించు మార్పిడి యంత్రము ద్వారా 3 వోల్టులకు తెచ్చినచో, యంత్రము నాలుగవ వంతు శక్తిని తినివేసినను 20 మైక్రో ఆంపియరులు చేతికి వచ్చును. ఎత్తును అమ్మి ప్రవాహమును కొనుట యనవచ్చును. బిళ్ల వోల్టు హెచ్చిన కొలది ఈ లాభము హెచ్చును. 2002లో అమెరికా దేశమున ఆట్మన్ మొదలగువారు ఇట్టి మార్పిడిచే, నేరుగా కలిపినదాని కంటె నాలుగు రెట్లకు మించి శక్తిని రాబట్టిరి. ఇప్పుడు డయోడుల వంతెనయు, మార్పిడి యంత్రమును, కాపలా మీటయు ఒకే చిప్పులో ఇమిడి అమ్మకమునకు వచ్చినవి. తొట్టి నిండువఱకు అది కదలక వేచియుండి, నిండిన పిమ్మట ఒక్కమారుగా విడుచును. చెఱువు తూము వలె ననుకొనుడు.

ఇంకొక ఉపాయము ఫ్రాన్సు దేశమున లియోన్ నగరపు పండితులది. గ్యుయోమార్ ప్రభృతులు 2005లో దీనిని విశదీకరించిరి. పైన చెప్పిన గుంటను ప్రతి ఊపునకును ఖాళీచేసి, తిరిగి ఎదురుదిక్కున నింపుటలోనే చాల విద్యుత్తు వృథా యగుచున్నది. బిళ్ల పూర్తిగా వంగి వెనుదిరుగబోవు క్షణమున ఒక తీగచుట్టను లిప్తకాలము కలిపి విప్పినచో, ఆ విద్యుత్తు చుట్టలోనికి దూకి, వెంటనే తలక్రిందులై బిళ్లలోనికే వచ్చి చేరును. నింపు శ్రమ తగ్గును, ప్రవాహము పెక్కు రెట్లగును. అయితే బిళ్లనుండి ఎంత లాగిన అంతగా దాని ఊపు మందగించును. గట్టిగా లాగుకొలది ఆవు పాలు హెచ్చునా? ఊగించు మూలమునందు శక్తి యున్నంతవఱకే యీ నేర్పులన్నియు.

ఆ మూలమును గూర్చి చెప్పవలసినది శ్రుతి. ప్రతి రేకునకును తనకు సహజమైన ఊపు ఒకటి కలదు. వెలుపలి కంపనము దానితో కలిసినపుడు ఊపు పెరుగును. కొలదిగా తప్పినను చప్పబడును. కొనయందు సీసపు గుండునో, ఇనుప బిళ్లనో అతికించి బరువు హెచ్చించినచో ఊపు నెమ్మదించును. రేకు పొడవు తగ్గించినచో వేగించును. వీణ తంతిని సవరించినట్లు సవరించుకొనవలయును. శ్రుతి కుదిరినచోట ఒక్క బిళ్ల యిచ్చునది కుదరనిచోట పది బిళ్లలు ఈయవు.

ఇక సభ్యుల ప్రశ్నకు వత్తము. అయిదు గుఱ్ఱపుశక్తి గల మోటారునకు 3,730 వాటులు కావలయును. పలక యొకటి అడుగు క్రింద అయిదు మిల్లీమీటర్లు దిగునట్లు చేసి, అరువది కిలోల మనిషి చేసిన పనియంతయు ఒక్క రవ్వయు పోక విద్యుత్తుగా మాఱిన దనుకొన్నను, అడుగునకు 3 జౌలులు. మోటారు తిరుగుచున్నంతసేపును సెకనుకు 1,240 అడుగులకు మించి పడుచుండవలయును. తిరునాళ్లలో నైనను ఒక వాకిట అంత త్రొక్కిసలాట యుండదు. పది టన్నుల లారీ వెళ్లునపుడు పలక మిల్లీమీటరు దిగినచో 100 జౌలులు. ఒక గంట మోటారు నడచుటకు లక్షా ముప్పది నాలుగు వేల లారీలు. అదియును ఊరక వచ్చునది కాదు. చక్రము క్రింద నేల దిగుచున్నచో లారీ ఎల్లప్పుడును చిన్న గట్టు ఎక్కుచున్నట్లే; ఆ ఖర్చు డీజెలు రూపమున బండివాడు చెల్లించును. బండి మనదే యైనపుడు మన డీజెలునే త్రిప్పి త్రిప్పి కరెంటుగా కొనుక్కొన్నట్లగును.

ఇది మా యూహ మాత్రమే కాదు. జపాను దేశమున తూర్పు రైల్వే కంపెనీవారు 2006లోను, 2008లోను టోక్యో స్టేషనున ప్రయాణికుల అడుగుల క్రింద ఇట్టి నేలను పరచి పరీక్షించిరి. ఆ స్టేషను రద్దీ మన ఊళ్ల రద్దీ కాదు. అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు 1998లో పాదరక్షలలో ఈ పదార్థములను అమర్చి నడచి చూడగా సగటున వాటులో వేయవ వంతు ఒకటి రెండు వచ్చినది. అదే పాదరక్షకు అయస్కాంతపు డైనమో తగిలించినపుడు వాటులో కాలుభాగము వఱకు వచ్చెను గాని నడచుటకు అడ్డమయ్యెను. కదలిక పెద్దదిగా, నెమ్మదిగా ఉన్నచోట డైనమోయే మేలని దీనిచే స్పష్టము. ఎద్దుల బలమును విద్యుత్తుగా మార్చవలెనను కోరిక గలవారు గానుగకు పండ్లచక్రములు, డైనమో తగిలించుటయే తగును. జత యెద్దులు ఇంచుమించుగా ఒక గుఱ్ఱపుశక్తి పని చేయును. ఇక ఎండ మాట చెప్పనే యక్కఱలేదు. అఱచేయి వెడల్పుగల సూర్యఫలకము మధ్యాహ్నమున రెండు వాటుల వఱకు ఇచ్చును. పైన చెప్పిన బిళ్లలు ఇరువదియైదువేలు కలిసిన గాని అంత ఈయవు.

అట్లని యీ విద్య రైతునకు నిష్ప్రయోజనమని మేము చెప్పుట లేదు. ఎండ చొరనిచోట, తీగ లాగుట కుదరనిచోట, బ్యాటరీ మార్చుట మఱచుచోట దీని స్థానము దీనికి కలదు. మోటారు షెడ్డు అట్టిది. మన దేశమున కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు గలది. మోటారు లోపలి అయస్కాంతపు లాగుడు దానికి రెట్టింపు, అనగా సెకనుకు 100 మారులు, ఒడలిని వణికించుచుండును. ఈ శ్రుతి మాఱదు. అమెరికాలో కరెంటు 60 ఆవృత్తులది గనుక అచ్చట ఆ వణకు 120. 2004లో రౌండీ, రైట్ అను నిరువురు ఆ 120 శ్రుతికి సవరించిన ఘన సెంటీమీటరు పరిమాణపు రేకుతో 375 మైక్రోవాటులు రాబట్టిరి. మన మోటారు అంత గట్టిగా వణకినచో, 100 శ్రుతికి సవరించిన రేకునుండి 300 మైక్రోవాటులు వచ్చిన దనుకొన్నను, గంటకు ఒక జౌలు చేరును. మోటారు వేడిని కొలిచి రేడియో ద్వారా కబురు పంపు చిన్న పరికరమునకు ఒక్క కబురునకు జౌలులో ఇరువదవ వంతు పట్టినచో, మూడు నిమిషముల కొక కబురు పంపవచ్చును. బేరింగు అరిగి వణకు మాఱుటయు ఆ రేకే పసిగట్టును. చుట్ట కాలిపోవుటకు ముందే తెలిసినచో రైతునకు మిగులునది ఎంతో సభ్యులే యెఱుగుదురు. కరెంటు పోయి మోటారు ఆగినపుడు ఇదియు ఆగును. అప్పుడు కబురు రాకపోవుటయే కబురు. బోరుబావిలో మునిగియుండు మోటారుకు మాత్రము ఇది యొప్పదు.

కొనదలచిన సంఘములు అమ్మకపువానిని వోల్టు లెన్నియని అడుగవలదు. రోజునకు సగటున ఎన్ని వాటుగంటలు, ఎంతమంది నడచినపుడు, ఎన్ని యేండ్లు అని వ్రాతమూలకముగా అడుగవలయును. దీపము వెలుగుటను చూపినచో లోపల బ్యాటరీ కలదేమో విప్పి చూపుమనవలయును. ఈ పింగాణి పెళుసైనది; బిళ్ల బీట వాఱినచో ఫలము పోవును. తేమ తగిలిన అంచులవెంబడి విద్యుత్తు కారిపోవును గనుక వర్షాకాలమునకు ముందు అంచులకు వార్నీషు పూయవలయును. మఱియు దానిలో సీసము కలదు. పగిలిన ముక్కలను పెంటదిబ్బపై పడవేసినచో ఎరువుతోపాటు చేలోనికి పోవును గాన, వానిని వేఱుగా డబ్బాలో నుంచి పట్టణమునకు పంపునపుడు పాత బ్యాటరీలతో కలిపి పంపునది.